ఇంట్లో మల్టీజిమ్ కొందామనుకుంటున్నా: 10×9 గది, 42 వేలు. కొనొచ్చా?

మూడో అంతస్తు | మియాపూర్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

నాకు 43. బ్యాంకు ఉద్యోగం, పొద్దున కూర్చుంటే లంచ్‌కే లేవడం. పోయినేడాది మా వీధి చివర జిమ్‌లో సంవత్సరానికి సరిపడా కట్టేశాను. లెక్కేస్తే నలభై రోజులు వెళ్లానేమో. ఉదయం పిల్లల బాక్సులతో సరిపోతుంది. సాయంత్రం ఏడింటికి వెళ్తే ప్రతి మెషీన్ దగ్గరా ముగ్గురు కుర్రాళ్లు, ఒకడు ఎత్తుతుంటే ఇద్దరు వీడియో తీస్తుంటారు. ఈమధ్య షుగర్ బోర్డర్‌లో ఉందని తేలింది. నడక ఒక్కటే చాలదు, బరువులు కూడా ఎత్తమని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

కూకట్‌పల్లిలో ఒక షాపులో మల్టీజిమ్ చూశాం. పైనుంచి కిందికి లాగేది, ఎదురుగా తోసేది, కాళ్లతో ఎత్తేది, కూర్చుని లాక్కునేది, అన్నీ ఒకదాంట్లోనే. "72 కిలోల స్టాక్ మేడమ్, సార్ కూడా చేసుకోవచ్చు, ఇంటిల్లిపాదికీ" అన్నాడు. స్టాక్ అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన బరువు ప్లేట్లట. డెలివరీ, బిగింపు కలిపి 42 వేలు.

గది 10×9 అడుగులు. ఒక గోడకి బీరువా, దాని మీద అటక. మా ఆయన మాట: "బట్టలు ఆరేసుకోడానికి 42 వేలెందుకు, తొమ్మిది వందలు పెడితే స్టాండొస్తుంది." అత్తయ్యగారికి 68, మోకాళ్ల నొప్పులు. విచిత్రంగా ఆవిడే "తెప్పించవే, నేనూ చేస్తా" అంటున్నారు.

స్లాబు మోస్తుందా? 72 కిలోలు మా ఇంటికి సరిపోతుందా? అసలు కొనొచ్చా?

---

బెజవాడ బాబాయ్ | ఆదివారం రాత్రి 10:05

అమ్మా, మీ ఆయన ఎవరో గానీ అనుభవం మీద మాట్లాడుతున్నాడు. 2020 లాక్‌డౌన్‌లో నేను కొన్నది ఇలాంటిదే. మొదటి నెల రోజూ చేశా. రెండో నెల ఆదివారాలు చేశా. మూడో నెల మా ఆవిడ దాని హ్యాండిల్‌కి చీర ఫాల్స్ ఆరేసింది, నేను చూసి చూడనట్టు ఊరుకున్నా. అంతే, అయిపోయింది. ఒకసారి గుడ్డ పడ్డ మెషీన్ మీద మళ్లీ మనిషి కూర్చోడు.

రెండేళ్ల తర్వాత సగం ధరకి కూడా పోలేదు. కాబట్టి ముందు రెండు డంబెల్స్ కొని మూడు నెలలు చేయండి. చేస్తే అప్పుడు ఆలోచించొచ్చు.

---

పాత ఇనుము | సికింద్రాబాద్ | ఆదివారం రాత్రి 11:30

జిమ్ మెషీన్లు రిపేరు చేయడం నా పని, చాలా ఏళ్లుగా. షాపువాడు చెప్పనివి చెప్తాను.

స్టాక్ మీద రాసిన కిలోలు వేరు, మీ చేతికి వచ్చే కిలోలు వేరు. ఇళ్లకి అమ్మే చాలా మెషీన్లలో కేబుల్ తిప్పిన తీరు వల్ల 72 అంటే చేతికి 36 దగ్గర ఉంటుంది. అడిగి చూడండి, షాపులో సగం మందికి ఆ సంగతే తెలియదు.

ప్లేట్లు ఇనుమువా, ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు పోసినవా చూడండి. సిమెంటువి లావుగా ఉంటాయి, గోరుతో కొడితే మొద్దు శబ్దం వస్తుంది. బరువు బరువే గానీ, రెండేళ్లకి మూల పగిలి పొడి రాలుతుంది, ఆ పొడి నేరుగా ప్లేట్లు జారే గైడ్ రాడ్ల మీదే పడుతుంది.

పుల్లీల్లో బేరింగులున్నాయా, ఉత్త బుష్షా అని చూడండి. బరువేమీ పెట్టకుండా వేలితో తిప్పండి. బేరింగుదైతే కాసేపు తిరుగుతూనే ఉంటుంది. బుష్షుదైతే వేలు తీయగానే ఆగుతుంది.

ఇంకోటి ఆడవాళ్లకి ఎవరూ చెప్పనిది. సీటు ఎత్తు మారుతుందా? చాలా వాటిల్లో మారదు. 5'8" మనిషిని మనసులో పెట్టుకుని చేస్తారు. మీరు 5'2" అయితే పాదాలు నేలకి ఆనవు, కాళ్లు వేలాడేసి ఛాతీతో తోయాలి. షాపులో కూర్చుని చూడకుండా ఆన్‌లైన్‌లో మాత్రం తెప్పించకండి.

---

మూడో అంతస్తు | సోమవారం ఉదయం 8:10

నేను 5'1". కూర్చుని చూడనేలేదు, చీరలో ఉన్నానని మొహమాటపడ్డాను.

పుల్లీ సంగతి అర్థం కాలేదండీ. 72 పెట్టి లాగితే 72 రావాలి కదా? మిగతా సగం ఎటుపోతుంది?

---

పాత ఇనుము | సోమవారం మధ్యాహ్నం 1:20

బావి గిలక గుర్తు తెచ్చుకోండి. గిలక పైన దూలానికి కట్టి ఉంటుంది, బొక్కెన ఎంత బరువో అంతా లాగాలి. గిలక వల్ల కిందికి లాగే సౌకర్యం తప్ప బరువు తగ్గదు. ఇప్పుడు ఆ గిలకని తీసి బొక్కెనకే కట్టామనుకోండి. తాడు ఒక కొస దూలానికి కట్టేసి, రెండో కొస మీ చేతిలో. బొక్కెనని రెండు తాళ్లు మోస్తున్నాయి, మీ వంతు సగమే. కానీ బొక్కెన ఒక బార పైకి రావాలంటే మీరు రెండు బారలు లాగాలి. ఆ సగం ఎటూ పోలేదు, దూరంలో కట్టారు.

మెషీన్‌లో కూడా ఇంతే. టేపు తీసుకెళ్లండి. హ్యాండిల్‌ని రెండడుగులు లాగండి, ప్లేట్లు ఎంత లేచాయో పక్కనుంచి ఎవరినైనా చూడమనండి. రెండడుగులు లేస్తే రాసింది రాసినట్టే వస్తుంది. ఒక అడుగే లేస్తే సగం. ఇంకా పక్కాగా కావాలంటే ఊళ్లకెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే చేతి కాటా ఉంటుంది కదా, అది హ్యాండిల్‌కి తగిలించి మెల్లగా లాగండి. అవి మామూలుగా 50 కిలోల దాకానే తూస్తాయి, అందుకని బరువు ఎంచుకునే పిన్ను 40 దగ్గర పెట్టండి చాలు.

---

కరీంనగర్ పట్టాభి | సోమవారం సాయంత్రం 6:45

అక్కా, మెషీన్ వేస్ట్. ఆ పైసలకి రాక్ (బార్ ఆనించే స్టాండు), బెంచ్, బార్, వంద కిలోల ప్లేట్లు వస్తాయి. జీవితాంతం ఉంటాయి, పుల్లీ లేదు, కేబుల్ లేదు, పాడయ్యేదే లేదు. మెషీన్ మీద కూర్చుని చేసేది కసరత్తు కాదు, కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీకి మారడం. మన కరణం మల్లీశ్వరి మల్టీజిమ్ మీద చేసి ఒలింపిక్ పతకం తెచ్చిందా?

---

బెజవాడ బాబాయ్ | సోమవారం సాయంత్రం 6:58

ఈవిడ అడిగింది షుగర్ బోర్డర్‌కి తమ్ముడూ, ఒలింపిక్స్‌కి కాదు.

---

సిక్కోలు సంగిడి | సోమవారం రాత్రి 9:15

మా జిల్లా మాటొచ్చింది కాబట్టి నేనూ ఒక చెయ్యేస్తా. మల్లీశ్వరి మా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల. 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒక్క ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, ఆపైన తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ కూడా ఆవిడే.

ఇంకా వెనక్కి వెళ్తే వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు. గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్నాయన. ఏ మెషీనూ లేదు, దండాలు, బస్కీలు, కుస్తీ. మా తాతల కాలంలో ఊరి రచ్చబండ దగ్గర సంగిడి రాయి ఉండేది. పండక్కి ఎవడు భుజం మీదికి ఎత్తుతాడో చూసేవాళ్లు. ఆ రాయికి ఈఎమ్‌ఐ లేదు.

ఇదంతా చెప్పి నేను చేసేదేంటంటే వారానికి మూడు సార్లు అపార్ట్‌మెంట్ జిమ్‌లో కేబుల్ లాగుతాను. నడుము పట్టేశాక బార్ జోలికి పోలేదు.

---

ఫిజియో | గుంటూరు | సోమవారం రాత్రి 10:40

పట్టాభి గారూ, బార్ మంచిదే, నేనూ ఎత్తుతాను. కానీ ఇంట్లో ఒంటరిగా, నేర్పేవాళ్లు లేకుండా, 43 ఏళ్ల కొత్త మనిషికి మొదటిరోజు బార్ ఇవ్వను. మెషీన్‌కి ఉన్న పెద్ద గుణం ఏంటంటే చేతకాకపోతే వదిలేయొచ్చు. ప్లేట్లు రాడ్ల మధ్యే పడతాయి, గుండె మీద పడవు. కొత్తవాళ్లకి ఆ ధైర్యం చాలా పనిచేస్తుంది.

మూడో అంతస్తు గారూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా పెద్దవాళ్లందరికీ వారానికి కనీసం రెండు రోజులు ఒళ్లంతా బలం పెంచే వ్యాయామం. 65 దాటినవాళ్లకి మూడు రోజులు, దాంతోపాటు తూలకుండా నిలబడే అభ్యాసం. అంటే మీ ఇంట్లో ఎక్కువ అవసరం మీ అత్తగారికే. ఆవిడ అడుగుతున్నారంటే దయచేసి ఆ మాట పోనివ్వకండి.

షుగర్ సంగతికొస్తే, కండ పనిచేసేటప్పుడు రక్తంలో చక్కెరని ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే లాక్కుంటుంది. పని అయ్యాక కూడా చాలా గంటలు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. తొడలు, పిరుదులు, వీపు పెద్ద కండలు. కాబట్టి మొదటి ధ్యాస వాటి మీదే, చేతుల మీద కాదు.

ఇక్కడే మల్టీజిమ్‌కి ఒక లోటుంది. కాళ్లకి చాలావాటిల్లో ఉండేది మోకాలు చాచే రోలర్ ఒక్కటే. తొడ ముందు భాగానికి తప్ప పిరుదులకి ఏమీ లేదు. దానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడం చాలు. అలవాటయ్యాక ఒక డంబెల్‌ని గుండెకి హత్తుకుని అదే పని చేయండి. అత్తగారి చేత రోలర్ చేయించకండి, నొప్పి మోకాళ్లకి అది చాలామందికి పడదు. కుర్చీలోంచి లేవడం పడుతుంది. అవసరమైతే కింద దిండు వేసి ఎత్తు పెంచండి.

"72 సరిపోతుందా" అన్నారు. చేతికి సగమే వచ్చే మెషీన్ మీకు చెడ్డదేం కాదు. ప్లేటు ప్లేటుకీ పెరిగేది కూడా సగమే కదా, మెట్లు చిన్నవవుతాయి. మీ ఆయనకి మాత్రం ఏడాదిలో చాలకుండా పోతుంది. అందులో మోసం లేదు, చెప్పకుండా అమ్మడమే మోసం.

ఊపిరి బిగబట్టకండి. తోసేటప్పుడు వదలాలి. బీపీ మందులు వాడేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

---

స్లాబు సుబ్బయ్య | మంగళవారం ఉదయం 7:30

సివిల్ ఇంజనీరుని. స్లాబు భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కాబట్టి లెక్క చెప్తా.

ఇళ్ల గదులకి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకి 2 కిలో న్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల బరువుకి డిజైన్ చేస్తారు. మీ గది 90 చదరపు అడుగులు, అంటే 8.4 చదరపు మీటర్లు దగ్గర. గది మొత్తానికి పదహారు పదిహేడు వందల కిలోలు పరుచుకోవచ్చు. మెషీన్ ఫ్రేమూ స్టాకూ కలిపి 140, మనిషి 80 వేసుకున్నా 220. పెళ్లిచూపుల రోజు ఆ గదిలో కూర్చునే జనం ఇంతకన్నా ఎక్కువ బరువుంటారు.

స్లాబు గురించి కాదు, టైల్స్ గురించి టెన్షన్ పడండి. నాలుగు కాళ్ల మీద బరువు నాలుగు చోట్లే దిగుతుంది. కింద బోలుగా ఉన్న టైల్ అయితే బిళ్ల చీలుతుంది. 18 మి.మీ. ప్లైవుడ్ వేసి దాని మీద రబ్బరు మ్యాట్ పరవండి. గది నడిమధ్య కాకుండా గోడ వారగా పెట్టండి. బాల్కనీలో మాత్రం వద్దు, మీది బయటికి పొడుచుకొచ్చినదైతే అసలే వద్దు.

పట్టాభి తమ్ముడికి ఒక మాట: ఒలింపిక్ బార్ పొడవు 2.2 మీటర్లు, ఏడడుగుల పైనే. అటూ ఇటూ ప్లేట్లెక్కించడానికి మనిషి నిలబడాలి. బీరువా ఉన్న 10×9 గదిలో బార్ అడ్డంగా పెట్టాక ఈవిడ కిటికీలోంచి లోపలికి రావాలి.

---

కరీంనగర్ పట్టాభి | మంగళవారం ఉదయం 9:02

గది కొలత చూడలేదన్నా. సరే, రాక్ వద్దు. అడ్జస్టబుల్ డంబెల్స్, బెంచ్. నా మాట అక్కడితో ఆగింది. కానీ ప్రోటీన్ మర్చిపోవద్దక్కా, కిలోకి రెండు గ్రాములు, డబ్బా తెచ్చుకోవాల్సిందే.

---

ఫిజియో | మంగళవారం మధ్యాహ్నం 2:15

డబ్బా అవసరం లేదు. తార్నాక ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాములు అంటారు. 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో పొడులు వద్దనే చెప్పారు. 62 కిలోల మనిషికి 51 గ్రాములు. బరువులెత్తేవాళ్లు కొంచెం ఎక్కువ తిన్నా తప్పులేదు, కానీ గుడ్డులో ఆరు గ్రాములుంటుంది, పప్పు, పెరుగు ఉన్నాయి. మన ఇళ్లలో అసలు చిక్కు పప్పుచారులో పప్పు లేకపోవడం. ఇంక దీని మీద వాదన వేరే పెట్టుకుందాం.

---

ఉప్పుగాలి | విశాఖ | మంగళవారం రాత్రి 8:50

నా కథ వినండి, కొనేవాళ్లకి పనికొస్తుంది.

మా ఇంటి నుంచి సముద్రం నడిచే దూరం. 2021లో ఒక మల్టీజిమ్ తెప్పించా. రెండో వానాకాలానికి గైడ్ రాడ్ల మీద టీ చుక్కల్లాంటి మచ్చలు. కొబ్బరినూనె రాశా, ఇంట్లో ఉన్నది అదే. నెలకి అది దుమ్ము పట్టి బంకలా తయారై ప్లేట్లు ఆగి ఆగి దిగడం మొదలైంది.

అసలు దెబ్బ కేబుల్‌ది. పైన హ్యాండిల్‌కి కలిసే చోట కేబుల్ మీది ప్లాస్టిక్ తొడుగు చిట్లి ఉంది. నెల రోజులుగా కనిపిస్తూనే ఉంది. లోపల ఇనుప తీగ ఉందిగా, పైతోలేగా అనుకున్నా. ఒకరోజు పొద్దున గడ్డం దాకా లాగాను, టప్‌మంది. రాడ్డు వచ్చి తొడల మీద పడింది, వెనక స్టాక్ మొత్తం ఒక్కసారి కూలింది. కింది ఫ్లాట్ ఆయన బనీనుతోనే మెట్లెక్కి వచ్చేశాడు, గ్యాస్ సిలిండర్ పేలిందనుకున్నాడట. తొడ మీద నల్లటి గీత మూడు వారాలుంది. తర్వాత తెగిన కొస చూస్తే లోపలి తీగలు సగం ముందే తుప్పు పట్టి తెగిపోయి ఉన్నాయి, మిగతా సగం మీద నేను నెల్లాళ్లు వేలాడుతున్నానన్నమాట.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "కేబుల్ అరుగుదల కిందకొస్తుంది సార్, వారంటీ ఫ్రేముకే" అన్నాడు. కాగితం తీసి చూస్తే నిజమే, అలాగే రాసి ఉంది. చదవకపోవడం నా తప్పు.

---

పాత ఇనుము | మంగళవారం రాత్రి 9:30

తొడుగు చిట్లిన రోజే కేబుల్ చచ్చినట్టు లెక్క. తెగేది ఎప్పుడూ రెండు చోట్లే: కొసల దగ్గర బిగించిన చోట, లేకపోతే పుల్లీ మీద రోజూ వంగే చోట. నెలకోసారి గుడ్డతో కేబుల్ పొడవునా తుడవండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ చూడండి.

రాడ్లకి సిలికాన్ స్ప్రే. కొబ్బరినూనె తలకి.

---

డాలస్ గ్యారేజీ | బుధవారం ఉదయం 5:20

ఇక్కడ మాకు గ్యారేజీ ఉంటుంది కాబట్టి చోటు బాధ లేదు, చలికాలం ఇనుము ముట్టుకోలేకపోవడమే బాధ. నేను చెప్పేది ఒకటే, కొత్తది కొనకండి. కొత్త సంవత్సరం తీర్మానాలన్నీ మార్చికల్లా సగం ధరకి అమ్మకానికొస్తాయి. మియాపూర్‌లో కూడా మనుషులు మనుషులే కదా.

---

మూడో అంతస్తు | ఆదివారం రాత్రి 10:15

అందరికీ దండాలు. ఈ వారం జరిగింది చెప్తాను.

శనివారం మళ్లీ షాపుకి వెళ్లాం. ఈసారి చుడీదార్, హ్యాండ్‌బ్యాగులో టేపు, సూట్‌కేసు కాటా. మా ఆయన కొంచెం దూరంగా నిలబడ్డాడు, నాతో వచ్చినట్టు తెలియకూడదని. కూర్చుని చూస్తే పాదాలకీ నేలకీ మధ్య జానెడు ఖాళీ. సీటు మారదు. పిన్ను 40లో పెట్టి కాటా తగిలించి లాగితే 21 చూపించింది. షాపబ్బాయి "కాటా పాడైంది మేడమ్" అన్నాడు. అప్పుడు మా ఆయన దగ్గరికొచ్చి, నా హ్యాండ్‌బ్యాగుని దానికే తగిలించి, "రెండు కిలోల నూటయాభై, కరెక్టే" అన్నాడు. ఆ క్షణం నుంచి ఈ ప్రాజెక్టు ఆయనది కూడా అయిపోయింది.

ఇంటికొచ్చి అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఎవరి దగ్గరైనా వాడని మల్టీజిమ్ ఉందా" అని పెట్టాను. గంటలో నాలుగు మెసేజ్‌లు! ఒక్క మా కాంపౌండ్‌లోనే నాలుగు. బాబాయ్ గారూ, ఒకదాని ఫోటోలో నిజంగానే లుంగీ ఉంది.

బి బ్లాక్ ఐదో అంతస్తుది చూసొచ్చాను. 2019ది, వాళ్లబ్బాయి చదువుకి వెళ్లిపోయాడు. ఇనుప ప్లేట్లు, ఐదు కిలోలవి పన్నెండు. సీటు మూడు మెట్లు మారుతుంది, కింది మెట్టులో నా పాదాలు ఆనాయి. పైనుంచి లాగేదానికి పిన్ను 30లో పెడితే కాటా 33 చూపించింది, మెల్లగా వదిలేటప్పుడు 27. ఇది మంచికా చెడుకా? 18 వేలు అడుగుతున్నారు.

---

పాత ఇనుము | ఆదివారం రాత్రి 10:50

మంచికే. ఇది సగం మెషీన్ కాదు, రాసింది రాసినట్టు వస్తుంది. పైకి 33, కిందికి 27 అంటే ఆ తేడా రాపిడి. రాడ్లు తుడిచి స్ప్రే కొడితే కొంత తగ్గుతుంది. 2019ది కాబట్టి కేబుల్స్ ఎలా ఉన్నా మార్చేయండి, ఆ ఖర్చు చెప్పి 16కి అడగండి.

విప్పేముందు ఫోటోలు తీయండి. కేబుల్ ఏ పుల్లీ కింద నుంచి వెళ్లి ఏ పుల్లీ పైకి వస్తుందో అది తప్పకుండా. విప్పాక అది బ్రహ్మదేవుడికి కూడా గుర్తుండదు.

---

స్లాబు సుబ్బయ్య | సోమవారం ఉదయం 7:05

ఎత్తు కొలిచారా? అటక కింద పట్టడం ఒకటి, అటక కింద బిగించడం ఇంకొకటి. పై దూలం నిలబెట్టి బోల్టు దూర్చడానికి ఇంకో అరడుగు కావాలి.

---

మూడో అంతస్తు | సోమవారం మధ్యాహ్నం 1:40

కొలిచాం. మెషీన్ 6'10", అటక ఏడడుగులకే ఉంది. అందుకని అటక లేని గోడకి మార్చాం. బీరువా పడగ్గదిలోకి వెళ్లింది. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బరువైన వస్తువు ఆ బీరువాయే.

---

మూడో అంతస్తు | పై ఆదివారం రాత్రి 11:10

16 వేలకి ఒప్పుకున్నారు. కొత్త కేబుల్స్, కొసలు బిగించి ఇచ్చినందుకు 1,400. మా ఆయన ప్రతి గొట్టానికీ మాస్కింగ్ టేప్ అంటించి నంబర్లేశాడు. ప్లేట్లు పిల్లలు ఒక్కొక్కటీ లిఫ్టులో దింపారు, ప్లేటుకి పది రూపాయల చొప్పున బేరం. బిగించడానికి నాలుగున్నర గంటలు. చివర్లో రెండు బోల్టులు, ఒక వంకర కొక్కెం మిగిలాయి. ఎక్కడివో అర్థం కావట్లేదు.

---

పాత ఇనుము | ఆదివారం రాత్రి 11:14

ఫోటో పెట్టండి. నేను చెప్పేదాకా ఎవరూ కూర్చోకండి.

---

పాత ఇనుము | ఆదివారం రాత్రి 11:31

చూశాను. అవి మెషీన్‌వి కాదు, ఉయ్యాల కొక్కెం, దాని బోల్టులు. అమ్మినవాళ్లకి తిరిగిచ్చేయండి. మిగతా బోల్టులన్నీ వారం తర్వాత ఒకసారి మళ్లీ బిగించండి, మొదటి వారం వాడకంలో కొంచెం వదులవుతాయి.

---

మూడో అంతస్తు | మూడు నెలల తర్వాత, శనివారం ఉదయం 6:50

బతికే ఉన్నాను, చేస్తూనే ఉన్నాను. మంగళ, గురు, శనివారాలు, ఉదయం ఐదున్నరకి నలభై నిమిషాలు. మధ్యలో పెళ్లిళ్లకి తొమ్మిది రోజులు పోయింది, దాచను.

పైనుంచి లాగేది 20తో మొదలుపెట్టి 30కి వచ్చాను. కూర్చుని లాక్కునేది 25 నుంచి 40. ఫిజియో గారు చెప్పినట్టు కుర్చీలోంచి లేవడం 10 కిలోల డంబెల్ పట్టుకుని పన్నెండేసి సార్లు, మూడు విడతలు. వచ్చేనెల షుగర్ టెస్టు ఉంది, అప్పుడు చూడాలి. అత్తయ్యగారు ఒక్క ప్లేటుతో లాక్కుంటారు, లోపల విష్ణు సహస్రనామం నడుస్తుంటుంది. కుర్చీలోంచి చెయ్యి ఆనకుండా లేవడం మొదట్లో ఐదుసార్లు కూడా కష్టమయ్యేది, ఇప్పుడు పన్నెండు. మా ఆయన వారానికి ఒకసారి, మిగతా రోజుల్లో స్ప్రే కొట్టడం, తుడవడం, బోల్టులు బిగించడం.

రెండో వారంలోనే కింది అంతస్తు పెద్దాయన నుంచి కంప్లయింటు వచ్చింది, తెల్లారగట్ల ధడ్ ధడ్ మంటోందని. స్టాక్ కింద రబ్బరు ముక్కలు పెట్టాం. అంతకంటే పనిచేసింది మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ మెల్లగా దింపడం. చప్పుడు పోయింది, పైగా రెండింతలు కష్టంగా ఉంది!

ఇప్పుడు ఒక చిక్కు. ఎదురుగా తోసేది 20 దగ్గర ఆగిపోయింది. 20తో పన్నెండు హాయిగా వస్తాయి. తర్వాతి ప్లేటు 25, దాంతో నాలుగే. మధ్యలో ఏమీ లేదు. ఏం చేయాలి?

---

కరీంనగర్ పట్టాభి | శనివారం ఉదయం 8:20

అక్కా, మూడు నెలలు ఆగారంటే సగం పని అయినట్టే. 25తో నాలుగే చేయండి, అరనిమిషం ఆగి మళ్లీ నాలుగు. అలా ఐదారు సార్లు.

---

పాత ఇనుము | శనివారం ఉదయం 10:05

తమ్ముడు చెప్పింది బాగుంది. ఇంకో దారి కూడా ఉంది. స్టాక్ పై ప్లేటు మీద చిన్న బరువు పెట్టుకోవచ్చు. కొనాలంటే ఒకటింపావు కిలోల ప్లేట్లు దొరుకుతాయి.

---

మూడో అంతస్తు | శనివారం మధ్యాహ్నం 12:30

కొనక్కర్లేదేమో. మామయ్యగారికి జనగామలో కిరాణా కొట్టుండేది. ఆ తూకం రాళ్లు అత్తయ్యగారు పారేయనివ్వలేదు, అటక మీదే ఉన్నాయి. ఆరు పలకల ఇనుపవి, కిలోది ఒకటి, అరకిలోవి రెండు. పెట్టొచ్చా?

---

పాత ఇనుము | శనివారం మధ్యాహ్నం 12:41

కిలోది వద్దు, ఒకవైపుకి ఒరుగుతుంది, ప్లేట్లు రాడ్లని రాసుకుంటాయి. అరకిలోవి రెండూ పెట్టండి, కేబుల్‌కి అటొకటి ఇటొకటి. పాత సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగా కట్టండి. పెద్దావిడని అడిగి తీయండి.